ఎయిర్ రైఫిల్ గురి తప్పుతోందా? ముందు పెల్లెట్లు చూడండి

నిన్నటిదాకా పది మీటర్ల నుంచి ఐదు దెబ్బలూ రూపాయి బిళ్ళ చాటున పడేవి. ఇవాళ అరచేయంత చెదిరిపోతున్నాయి. అనంతపురంలో మా మిద్దె మీద సాధన చేసేవాళ్ళలో చాలామంది వెంటనే స్కోపును తిప్పుతారు. అది ఆఖరున చేయాల్సిన పని.

దెబ్బలు చెదురుతున్నాయి, శబ్దంలో తేడా లేదు

మొదటి అనుమానం పెల్లెట్ల మీదే, అంటే ఎయిర్ రైఫిల్లో పెట్టి కొట్టే చిన్న సీసపు గుండ్ల మీదే. పెల్లెట్ వెనకున్న పల్చటి అంచును స్కర్ట్ అంటారు. గాలి ఒత్తిడికి అది విచ్చుకొని బ్యారెల్ (గొట్టం) లోపలి గాడులను పట్టుకోవాలి. డబ్బా ఒక్కసారి కింద పడితే చాలు, ఆ అంచులు నొక్కుకుపోతాయి. పెల్లెట్లను అద్దం పలక మీద ఒక్కొక్కటిగా దొర్లించండి. మంచిది వంపు తిరిగి సాఫీగా పోతుంది, నొక్కుకుపోయింది తడబడుతుంది. తడబడినవాటిని పక్కన పెట్టండి.

తర్వాత సైజు. 4.5 మిల్లీమీటర్ల రైఫిల్ అయినా డబ్బాల మీద తల కొలత 4.49, 4.50, 4.51, 4.52 అని వేరువేరుగా ఉంటుంది. పెల్లెట్ బ్యారెల్లోకి జారి పడిపోతే వదులు, బొటనవేలు నొప్పి పుట్టేంత నొక్కాల్సి వస్తే బిగువు. రెండు మూడు రకాలు తెచ్చి, ఒక్కోదానితో పదేసి దెబ్బలు కొట్టి చూడండి. ఖరీదైనదే మీ బ్యారెల్‌కు నచ్చుతుందని లేదు.

  

పెల్లెట్లు బాగుంటే స్క్రూలు చూడండి. స్ప్రింగ్ రైఫిల్ (బిగించిన స్ప్రింగ్ పిస్టన్‌ను తోసి గాలిని నొక్కేది) ముందుకూ వెనక్కూ రెండు వైపులా అదురుతుంది కాబట్టి కట్టె పిడిని పట్టి ఉంచే స్క్రూలు వదులవుతాయి, స్కోపును రైఫిల్‌కు బిగించే మౌంటు మెల్లగా జరుగుతుంది. మౌంటు పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే జరిగింది లేనిదీ తెలిసిపోతుంది. రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టినా గురి పోతుంది. అరచేతిలో ఆనించి, ప్రతిసారీ ఒకేచోట వదులుగా పట్టాలి.

టపాకాయలా పేలింది, పొగ వచ్చింది

ఇది మా ఇంట్లో జరిగిందే. "కీచుమంటోందిరా, అందుకే రెండు చుక్కలు శెనక్కాయ నూనె వేసినా" అన్నాడు మా చిన్నాయన, గిలకకు వేసినంత తేలిగ్గా. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె అంటుకుంటుంది. దెబ్బ పైకి పోతుంది, గాలి కారకుండా పిస్టన్‌కు ఉండే సీలు కాలిపోతుంది. కొన్ని దెబ్బలకు పొగ తగ్గకపోతే విప్పి శుభ్రం చేయించాల్సిందే, మాకు అదే గతి పట్టింది. పిస్టన్ గాలిని నొక్కే గదిలోకి ఏ నూనే పోయకండి. కీచు బ్యారెల్ మడిచే కీలు దగ్గరైతే అక్కడ మాత్రం కాస్త గ్రీజు చాలు.

బలం తగ్గింది, పెల్లెట్లు కిందికి పడుతున్నాయి

బ్యారెల్ మడిచే రైఫిలైతే, మూశాక బ్యారెల్ వెనక కొస ఆనే సందు దగ్గర సన్నటి టిష్యూ ముక్క ఆనించి ఒకటి కొట్టండి. ముక్క ఎగిరితే గాలి అక్కడే కారుతోంది, ఆ సందులోని సీలు మార్చాలి. ఎగరకపోతే స్ప్రింగ్ చూడాలి. కొట్టడానికి మడిచేటప్పుడు కరకరమంటే విరిగిందనే అనుకోవచ్చు. గంటలకొద్దీ మడిచి ఉంచడం, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, ఈ రెండూ దాన్ని త్వరగా పాడుచేస్తాయి. స్ప్రింగ్‌ను మీరే విప్పకండి. బిగించి ఉన్న స్ప్రింగ్ ఎగిరితే కన్ను పోతుంది.

గాలి సిలిండర్ రైఫిల్, మధ్యాహ్నం ఒకలా సాయంత్రం ఒకలా కొడుతోంది

మన ఎండ తెలిసిందే. గాలిని ముందే నింపుకునే ఈ రైఫిల్ సిలిండర్లో 25 డిగ్రీల దగ్గర 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే, 45 డిగ్రీలకు సుమారు 213 బార్ అవుతుంది. ఎండలో నిలిపిన కారులో ఇంకా పెరుగుతుంది, ప్రమాదం కూడా. నీడలో ఉంచి, చల్లబడ్డాకే స్కోపు సరిచేయండి.

బ్యారెల్ మడిచి పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చేత్తో బ్యారెల్‌ను గట్టిగా పట్టుకోవాలి, జారితే వేళ్ళు నలుగుతాయి. పెల్లెట్లు సీసం. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కొనే అన్నానికి కూర్చోండి.