శుభలేఖలో ఒక అక్షరం: తొలిప్రేమ కథలో ఐరనీని నడపడం

తొలిప్రేమ మీద కథ రాసేవారు చాలామంది ప్రియుణ్ణి ప్రియురాలి పెళ్లిపందిట్లోకి తీసుకువచ్చి, "విధి ఎంత విచిత్రమైనది!" అని నిట్టూర్పించి ముగిస్తారు. అది యాదృచ్ఛికమే తప్ప ఐరనీ కాదు. పాత్ర దేనిని కోరి ఒక ప్రయత్నం చేసిందో, ఆ ప్రయత్నమే ఆ కోరికకు అడ్డం తిరిగినప్పుడు ఐరనీ పుడుతుంది. అందువల్ల ప్రేమ కోసం నాయకుడు ఏం నేర్చుకున్నాడో ముందుగా తేల్చుకోవాలి.

గుంటూరు బ్రాడీపేటలో ఒకే ట్యూషన్‌కు వెళ్లే ఇద్దరిని తీసుకుందాం. అతడి మొదటి ఉత్తరంలో "నీ మీద ఆస పెట్టుకున్నాను" అని ఉంటుంది. ఆమె ఆ 'స' చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన 'శ' వేసి, ఉత్తరాన్ని అతడి నోటుపుస్తకంలోనే పెట్టి ఇచ్చేస్తుంది. ఆ తరువాత పది రోజులూ "తెలుగు నోట్సు ఇస్తావా?" అని అడుగుతూనే ఉంటుంది, ఇంకా తప్పులున్నాయేమోనన్న సిగ్గుతో అతడు ఇవ్వడు. నిఘంటువు పట్టుకుని కూర్చుంటాడు. ఏడేళ్లకు విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ ఉండగా, బల్ల మీదికి ఆమె శుభలేఖ వస్తుంది. అందులో "మీ ఆసీస్సులు" అని ఉంటుంది.

ఎర్రసిరా సంగతిని మొదటి పేజీలో నవ్వు పుట్టించే చిన్న ఘటనగానే రాయాలి. అక్కడే బరువు పెడితే ముగింపు ముందే తెలిసిపోతుంది.

ప్రెస్సు ఘట్టంలో మాత్రం నెమ్మదించాలి. చి.ల.సౌ. పక్కనున్న పేరును అతడు రెండుసార్లు సరిచూసుకోవడం, కలం మూత తీయడం, 'సీ' కొట్టివేసి 'శీ' రాయడం చాలు. 'ఆశ' ఆ మాటలోనే ఉందని కథకుడు నోరెత్తకూడదు. యజమాని వచ్చి "నీ చేతి మీదుగా వెళ్తే శుభమేనయ్యా" అని మామూలుగా అనవచ్చు, కానీ ఆయనకు పాత సంగతి తెలియకూడదు. తెలిస్తే ఆ మాట వట్టి ఎత్తిపొడుపు అవుతుంది.

ఎవరికి ఏది ఎప్పుడు తెలుస్తుందన్నది ఈ పనిలో అన్నిటికంటే కష్టం. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'లో, వెళ్లిపోయిందనుకున్న భార్య ఆ గదిలోనే మంచం కింద ఉన్నట్టు చివరికి గాని తెలియదు. రెండోసారి చదివినప్పుడు భర్త పలికే ప్రతి మాటనూ ఆమె వింటున్నదన్న ఎరుకతో చదువుతాం. మన కథలో ఆమె నోట్సు అడగడం వెనుక ఇష్టం ఉందన్న సంగతి పాఠకుడికి శుభలేఖ దగ్గర తట్టాలి, అతడికి ఎన్నటికీ తట్టకూడదు.

అతణ్ణి పెళ్లికి పంపాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. నేనైతే ప్రూఫు కింద అతడు పెట్టే పొడి సంతకం దగ్గరే కథ ఆపుతాను.