అమ్మానాన్నల ఐ-130కి జిరాక్స్ కాపీలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

మా అమ్మకు ఐ-130, అంటే అమ్మానాన్నల గ్రీన్‌కార్డు కోసం మనం ముందుగా వేసే పిటిషన్, వేసినప్పుడు కావలసిన కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి. అయినా ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది, అంటే ఇంకా ఆధారాలు పంపమని యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) నోటీసు. నా బర్త్ సర్టిఫికెట్ కాపీలో కింద రిజిస్ట్రార్ సంతకం, గుండ్రటి సీలు ఉండే భాగమే లేదు. ఒరిజినల్‌లో చక్కగా ఉంది, జిరాక్స్‌లో పడలేదు. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరు ఫైలు పంపుతున్నా "ఒకసారి కాపీలు చూపించు" అని అడుగుతుంటాను. చాలావరకు లోపం కాగితంలో ఉండదు, కాపీలో ఉంటుంది.

ముందు ఏం కావాలో చెప్పుకుందాం. అమ్మ కోసమైతే మీ అమెరికా పౌరసత్వం రుజువు, అమ్మ పేరు ఉన్న మీ బర్త్ సర్టిఫికెట్. నాన్న కోసమైతే వీటితోపాటు అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్ కూడా. ఇద్దరికీ విడివిడిగా పిటిషన్ వేయాలి, మీకు 21 ఏళ్లు నిండాలి. అన్నింటికీ స్పష్టంగా చదవగలిగే కాపీ చాలు. అడగకుండా ఒరిజినల్ పంపితే అది తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. ఒరిజినల్స్ ఇంటర్వ్యూ కోసం దాచుకోండి.

కింద సీలు, సంతకం తెగిపోయాయి

కారణం కాగితం సైజు. మన దగ్గర సర్టిఫికెట్లు ఎక్కువగా ఏ4 మీద వస్తాయి, అంటే 297 మిల్లీమీటర్ల పొడవు. అమెరికాలో ప్రింటర్లలో ఉండేది లెటర్ సైజు, 279 మిల్లీమీటర్లే. ఆ తేడా 18 మిల్లీమీటర్లు. మన సర్టిఫికెట్లలో సీలు, సంతకం ఉండేది సరిగ్గా ఆ అడుగు భాగంలోనే! నేను వెళ్లిన కాపీ షాపులో కుర్రాడు కాగితం గాజు మీద పెట్టి బటన్ నొక్కాడు, నేను డబ్బులిచ్చి వచ్చేశాను. ఇద్దరం చూసుకోలేదు.

సరిచేయడం తేలికే. ఏ4 అయితే కాపీ సైజు 94 శాతం పెట్టండి. స్టాంపు పేపర్లు, పాత పెళ్లి సర్టిఫికెట్లలా 14 అంగుళాల పొడవు ఉంటే 78 శాతం. అక్షరాలు కాస్త చిన్నవవుతాయి, పర్వాలేదు. తర్వాత ఒరిజినల్, కాపీ పక్కపక్కన పెట్టి నాలుగు మూలలూ వేలితో తడిమి చూడండి. సర్టిఫికెట్ చుట్టూ ఉండే అంచు గీత నాలుగు వైపులా పడిందంటే నిశ్చింత.

ఫొటో నల్లగా ముద్దలా వచ్చింది, అక్షరాలు మసకగా ఉన్నాయి

మెషిన్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో ఉంది, లేదా ఫోన్ యాప్‌లో స్కాన్ ఫిల్టర్ పడింది. ఆ ఫిల్టర్ తెల్లకాగితం మీది నల్లక్షరాలకు బాగుంటుంది కానీ పాస్‌పోర్ట్ ఫొటోను, నీలం సీలును చంపేస్తుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద కలర్‌లో, 300 డీపీఐలో స్కాన్ చేసి ప్రింట్ తీయండి. పలచటి కాగితం వెనక రాత ముందుకు కనిపిస్తుంటే వెనక నల్లకాగితం పెట్టండి, ఆ నీడలు పోతాయి.

లామినేషన్ చేయించిన మెమోల మీద వెలుగు చార పడుతుంది. ఆ ప్లాస్టిక్‌ను మాత్రం ఊడబీకొద్దు, అక్షరాలు దానితోపాటే వచ్చేస్తాయి. స్కానర్ మీద కాగితాన్ని కొంచెం తిప్పి పెట్టి రెండు మూడుసార్లు ప్రయత్నించండి. ఒరిజినలే వెలిసిపోయి ఉంటే దానితో కుస్తీ పట్టకుండా మీసేవ ద్వారానో మున్సిపాలిటీ నుంచో కొత్త కాపీ తీసుకోవడం నయం.

పాస్‌పోర్ట్ కాపీ పెట్టినా తల్లిదండ్రుల పేర్లు కనిపించలేదు

భారత పాస్‌పోర్ట్‌లో ఫొటో పేజీ ఒక్కటే తీసి పంపేస్తారు. తల్లి, తండ్రి, భర్త లేదా భార్య పేర్లు, చిరునామా ఉండేది చివరి పేజీలో. రెండూ తీయండి. గ్రీన్‌కార్డు కాపీ ఎక్కడ ఇవ్వాల్సి వచ్చినా అంతే, ముందూ వెనకా.

ఇంకొకటి. న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ మీద, అధికారం లేకుండా కాపీ తీస్తే శిక్షార్హం అని రాసి ఉంటుంది. అది చూసి టెన్షన్ పడి ఒరిజినలే కవర్లో పెట్టేసిన మనిషి నాకు తెలుసు. పిటిషన్‌కు జత చేయడానికి కాపీ తీయడం తప్పేమీ కాదు. గడువు తీరని అమెరికా పాస్‌పోర్ట్ కాపీ ఉన్నా సరిపోతుంది.

"ట్రూ కాపీ" ముద్ర కింద పేరు పోయింది

ఇది పూర్తిగా మన అలవాటు. ఊళ్లో నాన్నగారు నోటరీ దగ్గరికి వెళ్లి ప్రతి కాపీ మీదా ముద్ర, సంతకం వేయించి పంపిస్తారు. ముద్ర సరిగ్గా పేరు మీదో పుట్టిన తేదీ మీదో పడుతుంది. యూఎస్‌సీఐఎస్ కాపీల మీద నోటరీ అడగదు. సెల్ఫ్ అటెస్టేషన్ కూడా అక్కర్లేదు. శుభ్రమైన కాపీ మళ్లీ తీయండి.

తెలుగులో ఉన్న కాగితానికి అనువాదం పెట్టాం, సరిపోలేదన్నారు

సగమే అనువదించి ఉంటారు. పేరు, తేదీ, ఊరు రాసి వదిలేస్తారు. నిబంధన ప్రకారం కాగితం మీద ఉన్న ప్రతి అక్షరమూ రావాలి: పైన అచ్చయిన శీర్షిక, సీలులో మాటలు, వెనక వైపు రాత. సంతకం చదవలేకపోతే "సంతకం, చదవడానికి వీలు కాలేదు" అన్న ముక్క ఇంగ్లిష్‌లో రాస్తే చాలు. చివర, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు రాసి పేరు, సంతకం, తేదీ, చిరునామా పెట్టాలి. దీనికీ నోటరీ అక్కర్లేదు. రెండు భాషలూ వచ్చిన ఎవరైనా చేయవచ్చు, కానీ పిటిషన్ వేసేవాళ్లే చేసుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఉన్నది ఉన్నట్టు రాయించండి. "వెం. సుబ్బారావు" అని ఉంటే దాన్ని "వెంకట సుబ్బారావు" అని విప్పకూడదు. తేదీల దగ్గర మరీ జాగ్రత్త. 05-08-1988 అంటే మనకు ఆగస్టు 5, అమెరికాలో చదివేవాళ్లకు మే 8. అనువాదంలో నెల పేరు అక్షరాల్లో రాయించండి, ఫారంలో మాత్రం నెల ముందు, రోజు తర్వాత.

ఒక్కో కాగితంలో ఒక్కో పేరు

తెలుగువాళ్ల ఫైళ్లలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇదే. మీ బర్త్ సర్టిఫికెట్లో అమ్మ పేరు "లక్ష్మి". పాస్‌పోర్ట్‌లో "వెంకటలక్ష్మి", దానికి తోడు అత్తింటి ఇంటిపేరు. పెళ్లి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు. ముగ్గురూ ఒకరేనని మనకు తెలుసు, ఫైలు చదివే ఆఫీసరుకు తెలియదు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు అమెరికా వీసా మీద పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, ముందు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ముందు పేరు తెలియదు) అని పడుతుంది. అది కూడా వాళ్లు వాడిన పేర్లలో ఒకటిగా లెక్కేసుకోండి.

ఫారంలో ఇతర పేర్లకు ప్రత్యేకంగా గడులు ఉన్నాయి. ఏ కాగితంలో ఏ రూపంలో ఉందో ఆ రూపాలన్నీ అక్కడ రాయండి. పెద్ద తేడా ఉంటే, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని అమ్మ చేత అఫిడవిట్ చేయించి జత చేయండి. వీలైతే రెండు పేర్లూ కలిసి ఉన్న పాత కాగితం ఏదైనా వెతకండి, అఫిడవిట్ కంటే దానికి విలువ ఎక్కువ. కాపీ మీద పెన్నుతో దిద్దడం, వైట్‌నర్ పూయడం మాత్రం వద్దే వద్దు. చిన్న స్పెల్లింగ్ తేడా ఎవరూ పట్టించుకోకపోవచ్చు కానీ దిద్దిన కాగితాన్ని ఎవరూ నమ్మరు.

బర్త్ సర్టిఫికెట్టే లేదు, లేదా అందులో పేరు లేదు

పేరు గడి ఖాళీగా ఉంటే నమోదు చేసిన ఆఫీసులోనే పేరు చేర్పించుకోవాలి. అసలు నమోదే కాకపోతే అక్కడి రిజిస్ట్రార్ నుంచి "రికార్డు లభ్యం కాలేదు" అన్న పత్రం తీసుకోండి. దానికి స్కూలు రికార్డు లాంటి పాత ఆధారాలు జత చేయండి. అవీ దొరక్కపోతేనో, చాలకపోతేనో, మీ పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు. పాత ఎస్‌ఎస్‌సీ మెమోల్లో చాలావాటిలో తండ్రి పేరు ఒక్కటే ఉంటుంది, కాబట్టి అమ్మ పిటిషన్‌కు మెమో ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఈ మధ్యే ఆలస్యంగా నమోదు చేయించుకున్న సర్టిఫికెట్ అయినా పాత రికార్డులు తోడు పెట్టడం మంచిది.

అమ్మానాన్నల సొంత బర్త్ సర్టిఫికెట్లు ఈ దశలో అడగరు, తర్వాతి దశలో అడుగుతారు. వాళ్లలో చాలామంది జనన మరణాల నమోదు చట్టం వచ్చిన 1969కి ముందే పుట్టారు. ఆ పత్రం కోసం ఊళ్లో ఇప్పుడే తిరగడం మొదలుపెట్టించండి.

కవర్లో పెట్టే ముందు

స్టేపుల్స్, పంచ్ రంధ్రాలు, బైండింగ్, ట్యాబ్‌లు వద్దు. అవతల అన్నీ విప్పి స్కాన్ చేస్తారు. కాపీలు ఒకవైపే తీయండి. ముఖ్యమైన చోట హైలైటర్ గీస్తే స్కాన్‌లో అదే నల్లచార అయి కూర్చుంటుంది.

ఇంత చేసినా ఆర్‌ఎఫ్‌ఈ వస్తే గడువు నోటీసు మీదే ఉంటుంది, గరిష్ఠంగా 84 రోజులు. పోస్టులో వచ్చిన నోటీసుకు మరో మూడు రోజులు కలుస్తాయి. అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. సగం పంపితే ఉన్నదాని మీదే నిర్ణయం చేసేస్తారు. ఒరిజినల్ నోటీసు అన్నిటికంటే పైన పెట్టాలి. మా అమ్మ ఫైలుకు నేను పంపింది ఆ నోటీసు, దాని కింద 94 శాతానికి తగ్గించి తీసిన ఒకే ఒక్క కాపీ.