డీజిల్ కారుకు ఫిక్స్‌డ్ సర్వీసా, వేరియబుల్ సర్వీసా? ఎలా తేల్చుకోవాలి?

బ్రిటన్‌లో ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడా, సియాట్ కంపెనీల డీజిల్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి మొదటి సర్వీసు నాడే ఒక ప్రశ్న ఎదురవుతుంది. కారును ఫిక్స్‌డ్ పద్ధతిలో ఉంచాలా, వేరియబుల్ పద్ధతిలో ఉంచాలా అని సర్వీస్ సెంటరు కౌంటరులో అడుగుతారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇలాంటి కార్లు వాడేవారు చాలామందే ఉన్నారు. అయినా ఈ ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పేవారు తక్కువ, ఖర్చు తక్కువయ్యేది ఏదైతే అదే చేయమనేవారు ఎక్కువ.

ఫిక్స్‌డ్ అంటే ఏడాదికి ఒకసారి గానీ, సుమారు 15,000 కిలోమీటర్లకు (అక్కడి లెక్కలో తొమ్మిది నుంచి పది వేల మైళ్లకు) ఒకసారి గానీ, వీటిలో ఏది ముందు వస్తే అప్పుడు ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్పించడం. వేరియబుల్ పద్ధతికి ఈ కంపెనీలు ‘లాంగ్‌లైఫ్’ అని పేరు పెట్టుకున్నాయి. ఇందులో గరిష్ఠ గడువు రెండేళ్లు లేదా 30,000 కిలోమీటర్లు. ఆ హద్దు లోపల ఆయిల్ ఎప్పుడు మార్చాలో కారులోని కంప్యూటరే లెక్కగట్టి డ్యాష్‌బోర్డు మీద చూపిస్తుంది. ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారని అడిగి, ఆ ఒక్క అంకెతోనే ఏది మేలో తేల్చేయడం సాధారణంగా జరుగుతుంది. నిజానికి తేల్చవలసింది దూరాన్ని బట్టి కాదు. ఆ దూరంలో ఇంజిన్ ఎంత భాగం పూర్తిగా వేడెక్కి నడిచిందన్నదాన్ని బట్టి తేల్చాలి.

1. కారు ఇప్పుడు ఏ పద్ధతిలో ఉందో చూడండి

సర్వీస్ పుస్తకం మొదటి పేజీల్లోనూ, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంతలోనూ చిన్న అక్షరాలతో కోడ్‌లు ముద్రించిన ఒక స్టిక్కరు ఉంటుంది. పాత కార్లలో అందులో ‘క్యూజీ’తో మొదలయ్యే కోడ్ కోసం వెతకాలి. క్యూజీ1 అని ఉంటే కారు కర్మాగారం నుంచి లాంగ్‌లైఫ్ పద్ధతిలో బయటికి వచ్చిందని అర్థం. క్యూజీ0 అని ఉంటే ఆ సౌకర్యమే లేదని, క్యూజీ2 అని ఉంటే సౌకర్యం ఉన్నా ఫిక్స్‌డ్‌లో అమర్చి ఇచ్చారని తెలుసుకోవాలి. తర్వాతి కాలపు కార్లలో ఈ కోడ్ ‘క్యూఐ’తో మొదలవుతుంది.

అయితే స్టిక్కరు చెప్పేది కారు పుట్టిననాటి సంగతి మాత్రమే. మధ్యలో ఎవరైనా మెకానిక్ డ్యాష్‌బోర్డు బటన్ నొక్కి సర్వీస్ సూచనను రీసెట్ చేసి ఉంటే, చాలా మోడళ్లలో గడువు దానంతట అదే ఫిక్స్‌డ్‌కు మారిపోతుంది. యజమాని మాత్రం తన కారు ఇంకా లాంగ్‌లైఫ్‌లోనే ఉందని నమ్ముతూ ఉంటాడు. కాబట్టి గత సర్వీసు బిల్లులో ఏ ఆయిల్ పోశారో, దాని మీద ఏ ప్రమాణం రాసి ఉందో చూడాలి. బిల్లు దొరకకపోతే డయాగ్నస్టిక్ పరికరం ఉన్న షెడ్డులో మీటరు సెట్టింగును చదివించుకోవాలి. అది నిమిషాల పని.

2. కంప్యూటరు దేన్ని లెక్కగడుతుందో అర్థం చేసుకోండి

కారు ఆయిల్‌ను పరీక్షించి, అది పాడైనప్పుడు చెబుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ కార్లలో జరిగేది పరీక్ష కాదు, అంచనా. ఆయిల్ మట్టాన్ని, ఉష్ణోగ్రతను సెన్సారు చూస్తుంది. ఎంత డీజిల్ ఖర్చయింది, ఎంత దూరం నడిచింది, ఇంజిన్ ఎంత భారం మీద పనిచేసింది అన్నవాటిని కలిపి, ఆయిల్‌లో మసి ఎంత చేరి ఉంటుందో, ఆయిల్ ఎంత అరిగి ఉంటుందో ఒక సూత్రం ప్రకారం కంప్యూటరు ఊహిస్తుంది. ఆ సూత్రం సరైన ఆయిల్ పోశారన్న నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. ఎవరైనా చవక ఆయిల్ పోస్తే ఆ సంగతి దానికి తెలియదు, ఎప్పటిలాగే రెండేళ్ల గడువును లెక్కిస్తూ పోతుంది.

డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ పని కేవలం జారుడుతనం ఇవ్వడంతో తీరిపోదు. మండినప్పుడు పుట్టే మసిని ముద్దకట్టనీయకుండా తనలో తేలాడించుకోవాలి, పుట్టే ఆమ్లాలను విరిచేయాలి, ఎర్రగా కాగే టర్బో బేరింగులను చల్లబరచాలి. ఈ పనులకు కావలసిన రసాయనాలు ఆయిల్‌లో పరిమితంగానే ఉంటాయి, వాడేకొద్దీ తరిగిపోతాయి. దీనికి తోడు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, అంటే డీపీఎఫ్, యూరో 5 కాలుష్య నిబంధనలతో అక్కడి డీజిల్ కార్లన్నిటికీ వచ్చేసింది. అది నిండినప్పుడు కంప్యూటరు సిలిండర్లలోకి అదనంగా డీజిల్ చిమ్మి, ఆ వేడితో మసిని కాల్చేస్తుంది. ఈ శుద్ధి జరిగిన ప్రతిసారీ కొంత డీజిల్ సిలిండరు గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. సుదూర ప్రయాణంలో ఆయిల్ బాగా కాగి అందులో కొంత ఆవిరైపోతుంది. చిన్న ప్రయాణాల్లో మాత్రం శుద్ధి సగంలో ఆగి మళ్లీ మొదలవుతూ, డీజిల్ పేరుకుపోతూ ఉంటుంది.

3. మీ ప్రయాణాల తీరును కాగితం మీద పెట్టండి

ఒక మామూలు వారంలో కారు ఎక్కడెక్కడికి వెళ్తుందో, ఒక్కో ప్రయాణం ఎంతసేపు సాగుతుందో రాసుకోండి. డ్యాష్‌బోర్డులో నీటి ఉష్ణోగ్రత చూపే ముల్లు మధ్యకు చేరగానే ఇంజిన్ వేడెక్కిందని అనుకోకూడదు. ఆయిల్ వేడెక్కడానికి నీటికంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది, చలికాలంలో మరీ ఎక్కువ. లెస్టర్‌లో పిల్లలను బడిలో దింపి, దారిలో సూపర్ మార్కెట్టు దగ్గర ఆగి ఇంటికి చేరే కారు రోజంతా కలిపి ఏడెనిమిది మైళ్లే తిరుగుతుంది. అందులో ఆయిల్ పూర్తిగా కాగిన క్షణమే ఉండకపోవచ్చు. అదే ఊరి నుంచి ఎం1 మోటార్‌వే మీద రోజూ నలభై మైళ్లు పోయి నలభై మైళ్లు వచ్చే కారులో ఆయిల్ చాలాసేపు సరైన వేడి మీదే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మోటార్‌వే కారు ఏడాదికి ఇంచుమించు 20,000 మైళ్లు తిరిగితే, ఫిక్స్‌డ్ పద్ధతిలో ఏడాదికి రెండుసార్లు సర్వీస్ సెంటరుకు వెళ్లాలి, వేరియబుల్‌లో ఒక్కసారి చాలు. డబ్బు, సమయం రెండూ నిజంగానే మిగులుతాయి, ఆయిల్ కూడా ఆ గడువును తట్టుకుంటుంది. ఏడాదికి 3,000 మైళ్ల లోపే తిరిగే బడి కారు విషయం వేరు. దానికి ఫిక్స్‌డ్‌లో ఏడాదికి ఒక సర్వీసు, వేరియబుల్‌లో గరిష్ఠంగా రెండేళ్లకు ఒకటి. అంటే మిగిలేది రెండేళ్లలో ఒక్క ఆయిల్ మార్పు ఖర్చు. ఆ మిగులు కోసం డీజిల్ కలిసిన, ఆమ్లం పెరిగిన ఆయిల్‌ను రెండు చలికాలాలు ఇంజిన్‌లో ఉంచుతాం. తక్కువ తిరిగే కారుకే ఎక్కువ గడువు చాలని తోచడం సహజం. డీజిల్ విషయంలో అది తలకిందుల తర్కం. అసలు అలాంటి వాడకానికి డీజిల్ కారే సరిపడదనేది వేరే చర్చ.

రెండు రకాల ప్రయాణాలూ సగం సగంగా ఉన్నవారు, కారును ఐదారేళ్లకు పైగా ఉంచుకోదలిస్తే ఫిక్స్‌డ్ వైపే మొగ్గాలన్నది నా అభిప్రాయం. మూడేళ్లకు తిరిగి ఇచ్చేసే కంపెనీ కార్ల ఖర్చు తగ్గించడానికి లాంగ్‌లైఫ్ చక్కగా ఒదుగుతుంది. పదేళ్ల తర్వాత ఆ టర్బో ఎలా ఉంటుందన్నది మొదటి యజమాని లెక్కలోకి రాదు, దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారి లెక్కలోకి వస్తుంది.

4. ఆయిల్ ప్రమాణాన్ని సరిచూసుకోండి

డబ్బా మీద ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే 5డబ్ల్యూ-30 అన్న గుర్తు ఉంటే చాలదు, ఫోక్స్‌వ్యాగన్ ఆమోద సంఖ్య కూడా ఉండాలి. డీపీఎఫ్ ఉన్న డీజిల్ కార్లలో ఎక్కువవాటికి 507.00 ప్రమాణపు ఆయిల్ కావాలి. దీనిలో బూడిద మిగిల్చే పదార్థాలు తక్కువ. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టరులోనే మిగిలిపోతుంది. అందువల్ల ఫిక్స్‌డ్‌లో ఉన్నా, వేరియబుల్‌లో ఉన్నా ఈ కార్లకు అదే ఆయిల్ పోయాలి. ఫిక్స్‌డ్‌కు మారితే చవక ఆయిల్‌తో సరిపెట్టుకోవచ్చన్న మాట డీపీఎఫ్ కారుకు చెల్లదు. బాగా కొత్త మోడళ్లలో కొన్నిటికి 0డబ్ల్యూ-20 ఆయిల్, 509.00 ప్రమాణం వచ్చాయి. మీ కారుకు ఏది వర్తిస్తుందో మాన్యువల్‌లోనే చూడాలి.

డీపీఎఫ్ లేని పాత ‘పంప్ డ్యూజ్’ ఇంజిన్ల (1.9 టీడీఐ, తొలినాటి 2.0 టీడీఐ) సంగతి ఇంకా సున్నితం. వీటిలో ప్రతి సిలిండరుకూ ఉన్న ఇంజెక్టరును (డీజిల్ చిమ్మే పరికరాన్ని) వాల్వులను తెరిచే ఇరుసు, అంటే కామ్‌షాఫ్టే నొక్కి, రెండు వేల బార్ దరిదాపుల ఒత్తిడిని పుట్టిస్తుంది. ఆ భారమంతా కామ్ మీద పడుతుంది గనుక వీటికి ఫిక్స్‌డ్‌లో 505.01, లాంగ్‌లైఫ్‌లో 506.01 అని ప్రత్యేక ప్రమాణాలు పెట్టారు. కామ్‌షాఫ్టు అరిగిపోవడం ఈ ఇంజిన్లలో మెకానిక్‌లందరికీ తెలిసిన జబ్బు. అలాంటి కారు ఇప్పటికీ చేతిలో ఉంటే వేరియబుల్ ఆలోచనే వద్దు, సరైన ప్రమాణపు ఆయిల్‌తో ఏడాదికోసారి మార్పించడమే మంచిది.

5. ఒప్పందాలు, వారంటీ చూసుకోండి

లీజు కారైతే ఎంపిక మీ చేతిలో ఉండకపోవచ్చు, ఒప్పందంలో ఏ పద్ధతి రాస్తే అదే పాటించాలి. సొంత కారైతే, వారంటీ ఉన్నంతకాలం ఎంచుకున్న పద్ధతి గడువును దాటకుండా, సరైన ప్రమాణపు ఆయిల్, తగిన నాణ్యత గల విడిభాగాలు వాడి, బిల్లులు దాచుకోవాలి. ఇలా చేసినంతవరకు బయటి షెడ్డులో సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ పోదని అక్కడి పోటీ చట్టాల నియమాలు చెబుతాయి. ఏటా జరిగే ఎంఓటీ తనిఖీని సర్వీసుతో కలపకండి. అది కారు రోడ్డు మీద తిరగడానికి భద్రంగా ఉందో లేదో చూస్తుందే తప్ప ఆయిల్ జోలికి పోదు.

6. మార్చదలిస్తే సరైన క్రమంలో మార్పించండి

వేరియబుల్ నుంచి ఫిక్స్‌డ్‌కు రావాలంటే ముందు ఆయిల్, ఫిల్టరు కొత్తవి వేయించి, ఆ తర్వాతే డయాగ్నస్టిక్ పరికరంతో సెట్టింగు మార్పించాలి. ఫిక్స్‌డ్ నుంచి వేరియబుల్‌కు వెళ్లడానికి కావలసిన సెన్సారు కారులో ఉండాలి, లోపల ఉన్న ఆయిల్ లాంగ్‌లైఫ్ రకమై ఉండాలి. మామూలు ఆయిల్ ఉండగా సెట్టింగు ఒక్కటే మార్చడం అన్నిటికంటే హానికరం. పని అయ్యాక ఏ ఆయిల్ పోశారో, ఏ పద్ధతిలో అమర్చారో బిల్లులోనూ, సర్వీస్ రికార్డులోనూ రాయించుకోండి. బ్రేక్ ఆయిల్, టైమింగ్ బెల్టు, డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఆయిల్ వంటివి ఈ ఎంపికతో సంబంధం లేకుండా తమ గడువుల ప్రకారమే మారాలి. వేరియబుల్‌లో ఉన్నవారు వాటిని మరచిపోయే అవకాశం ఎక్కువ.

హైదరాబాదులోనో విజయవాడలోనో డీజిల్ కారు నడిపేవారికి చాలావరకు ఈ ఎంపిక రాదు, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ కార్లు ఏడాది లేదా 10,000 కిలోమీటర్ల వంటి నిర్ణీత గడువుతోనే వస్తాయి. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటివి మాత్రం గడువును డ్యాష్‌బోర్డులో చూపిస్తాయి. దుమ్ము, ఎండ, ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇంజిన్ ఆపకుండా నిలవడం వంటివాటిని మాన్యువల్‌లు కఠిన పరిస్థితులుగా పేర్కొని, ముందుగానే సర్వీసు చేయించమంటాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీపీఎఫ్ ఇక్కడి డీజిల్ కార్లకూ చేరింది గనుక, ఆయిల్‌లో డీజిల్ కలిసే సమస్య ఇప్పుడు మనదీ అయింది.

7. నెలకోసారి డిప్‌స్టిక్ చూడండి

ఏ పద్ధతిలో ఉన్నా ఇది తప్పదు. కారును సమతలం మీద ఆపి, ఇంజిన్ ఆపేసిన కొద్ది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. మట్టం తగ్గితే అదే ప్రమాణపు ఆయిల్‌తో నింపాలి. తగ్గడం గురించి అందరికీ తెలుసు, పెరగడాన్నే ఎవరూ పట్టించుకోరు. ఎవరూ ఆయిల్ పోయకుండానే మట్టం పై గీత దాటిందంటే, డీజిల్ కలిసిందని అనుమానించాలి. అప్పుడు డ్యాష్‌బోర్డు ఇంకా ఎన్ని వేల కిలోమీటర్లు మిగిలాయని చూపినా లెక్కచేయకుండా ఆయిల్ మార్పించి, డీపీఎఫ్ శుద్ధి ఎందుకు పూర్తికావడం లేదో మెకానిక్‌తో చూపించుకోవాలి.