పాలు పోసే వేళలోనూ కొత్త కోడ్ ఎక్కించాలంటే ఎలా?

చిత్తూరు చుట్టుపక్కల పాల కేంద్రాలకు మేం సాఫ్ట్‌వేర్ రాస్తాం. రైతు పాలు పోయగానే తూకం, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) నమోదై స్లిప్ చేతికి రావాలి. రోజుకు రెండు పూటలా ఇదే పని. ఒకప్పుడు రైతుకు వెళ్లే ఎస్ఎంఎస్‌లో ఒక్క అక్షరం మార్చాలన్నా ప్రోగ్రామంతా ఆపి మళ్లీ ఎక్కించేవాళ్లం. నెలకోసారి, అర్ధరాత్రి, టెన్షన్ పడుతూ. టూల్స్ మార్చి చూశాం, లాభం లేకపోయింది. లోపం కోడ్ అల్లుకుపోయిన తీరులో ఉంది.

మొదట, గత మూడు నెలల కమిట్‌లు (కోడ్‌లో చేసిన మార్పుల రికార్డులు) తెరిచి ఏ ఫైళ్లు కలిసి మారుతున్నాయో రాసుకోండి. మా దగ్గర రేటు చార్టు, ఎస్ఎంఎస్ మాటిమాటికీ మారేవి. తూకం మెషీన్ నుంచి అంకె చదివే కోడ్ జోలికి ఎవరూ వెళ్లరు.

తర్వాత, తరచూ మారేవాటిని విడదీయండి. వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ ఇస్తే లీటరు ధర చెప్పడమే రేటు మాడ్యూల్ పని. రైతు ఖాతా పట్టికలోకి అది తొంగి చూడకూడదు. ఎస్ఎంఎస్‌ను క్యూలో పెట్టి విడిగా పంపితే ఆ భాగం ఆగినా స్లిప్ ఆగదు. ఐదారుగురి టీమ్ అన్నిటినీ మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా, ముక్కలు చేయనక్కర్లేదు. ఆ బరువు మోయడం కష్టం.

అసలు పీటముడి పడేది డేటాబేస్ దగ్గర. ‘రేటు’ అనే కాలమ్‌ను వెన్న రేటు, ఎస్ఎన్ఎఫ్ రేటుగా విడగొట్టాలనుకోండి. పాతదాన్ని ఒక్క దెబ్బతో తీసేయకండి. ఒక రిలీజ్‌లో కొత్త కాలమ్‌లు ఖాళీగా చేర్చండి. తర్వాతి దాంట్లో పాతచోటా కొత్తచోటా రాయించి, వెనకటి వరుసలూ నింపండి. ఆ పైన కొత్తవాటి నుంచే చదివించండి. పాత కాలమ్‌ను ఎవరూ ముట్టుకోవడం లేదని తేలాకే తొలగించండి. ప్రతి అడుగులోనూ అంతకుముందు వెర్షన్ కూడా పనిచేయాలి. లేకపోతే రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లడం) పేరుకే ఉంటుంది.

కొత్త లెక్కను ఫీచర్ ఫ్లాగ్ (కోడ్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక పెట్టి, ముందు ఒక్క కేంద్రంలోనే తెరవండి. పని అయ్యాక ఫ్లాగ్‌ను, దాని పాత కోడ్‌ను తీసేయండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ సంస్థ పాత ఫ్లాగ్‌ను కొత్త పనికి వాడింది. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరక, ఎప్పుడో మూలన పడ్డ కోడ్ మళ్లీ లేచింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

ఇక కొత్త కోడ్ ఎక్కాక అది సరిగ్గా నడుస్తోందో చూసే హెల్త్ చెక్. సర్వర్ లేచిందా లేదా అని చూస్తే సరిపోదు. టెస్ట్ రైతు పేరున 4.5 వెన్న, 8.5 ఎస్ఎన్ఎఫ్‌తో పది లీటర్లు పోయించి, స్లిప్‌లో మొత్తం సరిగ్గా వస్తోందో చూడండి. రాకపోతే, ఎవరూ చెప్పకుండానే పాత వెర్షన్ తిరిగి ఎక్కాలి.