టెర్రస్ మీద టార్చ్ వెలిగించే ముందు రెగ్యులేటర్ చూడండి

మే నెల వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ టెర్రస్ చూసినా వాటర్‌ప్రూఫింగ్ పనులే. వానలు మొదలయ్యేలోపు మెంబ్రేన్ షీట్లు వేసేయాలని అందరికీ తొందర. గ్యాస్ టార్చ్‌తో షీటు అడుగున ఉన్న తారును కరిగిస్తూ స్లాబ్‌కి అతికిస్తారు. షీటు మందమెంత, గ్యారంటీ ఎన్నేళ్లు అని మేస్త్రీని అందరూ అడుగుతారు. సిలిండర్‌కి ఏ రెగ్యులేటర్ పెడుతున్నావని మాత్రం ఎవరూ అడగరు. ముందు అడగాల్సింది అదే.

వంటింటి రెగ్యులేటర్ గ్యాస్ ప్రెషర్‌ను దాదాపు 30 మిల్లీబార్లకు తగ్గించి స్టవ్‌కి పంపుతుంది. మెంబ్రేన్ టార్చ్‌కి అది ఏ మూలకూ చాలదు, సాధారణంగా 1.5 నుంచి 4 బార్లు కావాలి. అంటే కనీసం యాభై రెట్లు. అందుకని కొందరు రెగ్యులేటర్ మాటే వదిలేసి, వట్టి ట్యాప్ ఉన్న అడాప్టర్ బిగించి గ్యాస్ ‘డైరెక్ట్’గా ఇచ్చేస్తారు. మంట బ్రహ్మాండంగా వస్తుంది కాబట్టి ఏ తేడా కనిపించదు. ‘ఏం కాదు సార్, రోజూ చేసేదే’ అంటారు.

ట్యాప్ గ్యాస్ పారే వేగాన్ని తగ్గిస్తుందే గానీ ప్రెషర్‌ను అదుపులో పెట్టలేదు. షీటు సర్దుకోవడానికి టార్చ్ కాసేపు కట్టేస్తే చాలు, సిలిండర్‌లో ఉన్న ప్రెషర్ మొత్తం పైపులోకి వచ్చి నిలబడుతుంది. అది కూడా ఎండను బట్టి పెరిగే ప్రెషర్. అచ్చంగా ప్రొపేన్ అయితే 40 డిగ్రీల దగ్గర సిలిండర్ లోపల 12, 13 బార్లు ఉంటుంది. మన సిలిండర్లలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి అంత ఉండదు, కానీ రోహిణి కార్తె మధ్యాహ్నం స్లాబ్ మీద పెట్టిన సిలిండర్ పొద్దున ఉన్నట్టు ఉండదు. క్లిప్పు వదులుగా ఉన్న పైపు ఊడిపోయేది అప్పుడే.

రెగ్యులేటర్ ఉంటే ఇలా జరగదు. దాని లోపల స్ప్రింగుకి ఎదురుగా ఒక రబ్బరు పొర ఉంటుంది. పైపులోకి వెళ్లే గ్యాస్ ప్రెషర్ మనం పెట్టిన అంకెకి చేరగానే ఆ పొర స్ప్రింగును నెట్టి గ్యాస్ దారి మూసేస్తుంది. మూత మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది, పొర సరిగా ఆడాలంటే అది తెరిచి ఉండాలి. టార్చ్ పనిలో తిరిగిన పాత రెగ్యులేటర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి, ఆ రంధ్రంలో తారు, దుమ్ము గట్టిగా పట్టి ఉంటాయి. అలాంటిది పక్కన పెట్టించండి.

కొత్తది కొనాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఎల్‌పీజీ హై ప్రెషర్ రెగ్యులేటర్, గేజ్ ఉన్నదే అడగండి. ఆక్సిజన్‌దో అసిటిలీన్‌దో ఉంది కదా అని తగిలించుకోవద్దు. వంటింటి ఆరెంజ్ పైపు కూడా ఈ పనికి పనికిరాదు, హై ప్రెషర్ గ్యాస్ పైపే కావాలి. సిలిండర్ నీలం రంగు కమర్షియల్‌దే తెప్పించమనండి. ఇంటి ఎర్ర సిలిండర్‌ను ఇలాంటి పనులకు వాడటం చట్టరీత్యా కుదరదు. సిలిండర్ పై పట్టీ మీద ‘బి 27’ లాంటి గుర్తు ఉంటుంది. అంటే 2027 జూన్‌లోపు దాన్ని మళ్లీ టెస్ట్ చేయాలని. గడువు దాటినది తీసుకోవద్దు.

బిగించాక రెగ్యులేటర్‌లో ప్రెషర్ సర్దే స్క్రూ పూర్తిగా వదులు చేసి, ఆ తర్వాతే సిలిండర్ వాల్వ్ మెల్లగా తెరవాలి. రెగ్యులేటర్‌కి ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. స్క్రూ తిప్పుతూ టార్చ్ కంపెనీ చెప్పిన ప్రెషర్ దగ్గర ఆపి, ప్రతి జాయింటుకీ సబ్బు నురుగు రాయాలి. బుడగ వస్తే పని మొదలుపెట్టొద్దు.

టెర్రస్ మీద గాలి బాగా ఆడుతుంది, లీకైనా పోతుందిలే అనుకుంటారు. ఈ గ్యాస్ గాలికంటే బరువు. పిట్టగోడ లోపల నేలను అంటిపెట్టుకుని, వాననీళ్ల పైపులోకో మెట్ల దారిలోకో దిగిపోతుంది. కాబట్టి సిలిండర్‌ను వాటికి దూరంగా, మంటకు కనీసం 3 మీటర్ల అవతల, నీడలో నిలబెట్టాలి. పడుకోబెట్టడం అసలు వద్దు, ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగదన్నుతుంది. గ్యాస్ వేగంగా లాగితే సిలిండర్ చల్లబడి మంచు పట్టి మంట తగ్గుతుంది. అప్పుడు సిలిండర్‌ను వంచడం, టార్చ్‌తో కాచడం చూస్తుంటాం. ఆ కాచడం చూస్తేనే గుండె ఆగినంత పనవుతుంది. కాసేపు ఆపండి, లేదా పెద్ద సిలిండర్ తెచ్చుకోండి.

ఆషాఢంలో బోనాలప్పుడు మేక తలకాయలు, కాళ్లు కాల్చే వాళ్లు కూడా ఇదే టార్చ్ వాడతారు, అదీ జనం మధ్యలో. వాళ్లకీ రెగ్యులేటర్ విషయంలో ఇదే లెక్క.

పని ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వ్ కట్టి, పైపులో మిగిలిన గ్యాస్ మండిపోనిచ్చి, తర్వాత టార్చ్ ట్యాప్ కట్టాలి. చివరగా స్క్రూ వదులు చేయాలి. రాత్రికి సిలిండర్‌ను సెల్లార్‌లో పెట్టనివ్వొద్దు. తారు కింద నిప్పు లోలోపలే రాజుకోవచ్చు కాబట్టి టార్చ్ ఆపాక కనీసం గంటసేపు ఒక మనిషి పైనే ఉండాలి, దగ్గర ఇసుక బకెట్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. గ్యాస్ లీకైతే 1906, మంటలంటుకుంటే 101. ఈ రెండు నంబర్లూ వాచ్‌మన్ ఫోన్‌లో ఉన్నాయో లేదో పని మొదలయ్యే రోజు పొద్దున్నే చూసుకోండి.