పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేసుకోవడం ఎలా? (తెలుగు, ఒడియా రెండూ టైప్ అయ్యేలా)

పర్లాకిమిడిలో మా చిన్నాన్న కొట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్‌లు ఆగిపోయాయి. విండోస్ 11కి ఆ ప్రాసెసర్ చాలదు. బాగా పనిచేస్తున్న పెట్టెను పాతసామాన్లవాడికి వెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. అందుకని విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ మింట్ వేశాం. లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు, పది మందికి కాపీ చేసిచ్చినా తప్పు కాదు.

ముందు మీ పని ఏమిటో చూసుకోండి. ఉత్తరాలు, లెక్కలు, ఇంటర్నెట్, సినిమాలైతే ఫర్వాలేదు. డీటీపీ చేసేవాళ్లు మాత్రం తొందరపడొద్దు. తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి వంటివి విండోస్ కోసం చేసినవి. ట్యాలీ కూడా అంతే. అలాంటివాళ్లు విండోస్ ఉంచుకుని దాని పక్కనే మింట్ వేసుకోవాలి.

కావలసినవి: 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 8 జీబీ పెన్‌డ్రైవ్. 2 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది గానీ బ్రౌజర్ తెరిచేసరికి ఆయాసపడుతుంది. డిస్కులో కనీసం 20 జీబీ కావాలి, 100 ఉంటే హాయి.

1. ఫొటోలు, పత్రాలు వేరే డిస్కులోకి ఎక్కించండి. ఎక్కించాక ఒకటి రెండు తెరిచి చూడండి కూడా. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

2. మింట్ అధికారిక సైట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం దించుకోండి, పాత యంత్రాలకు అదే తేలిక. ఫైలు ఇంచుమించు 3 జీబీ. ఫోన్ డేటాతో దించితే రోజు కోటా మధ్యలో అయిపోతుంది, టొరెంట్‌లో (ముక్కలు ముక్కలుగా దించే పద్ధతి) పెడితే మర్నాడు ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

3. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే కంప్యూటర్ దాని నుంచి మొదలవదు (బూట్ కాదు). రూఫస్ లేదా ఎచర్ అనే సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ చెరిగిపోతాయి.

4. పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12 కొట్టండి, చాలా వాటిలో అదే. హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే మింట్ అక్కడి నుంచే తెరుచుకుంటుంది, మీ డిస్కును ముట్టుకోదు. ఇక్కడ ఎంతసేపు గడిపినా నష్టం లేదు. వైఫై అందుతోందా, పాట వినిపిస్తోందా, ప్రింటర్ కాగితం లాగుతోందా, అన్నీ ఇప్పుడే చూడండి. ప్రింటర్ మొరాయిస్తే ఇక్కడే ఆగిపోవచ్చు.

5. నచ్చితే డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కండి. విండోస్ పక్కన పెట్టాలా, డిస్కంతా తుడిచెయ్యాలా అని అడుగుతుంది. ఆ ఒక్క పేజీ రెండుసార్లు చదవండి. కరెంటు మీద నమ్మకం లేని రోజు ఈ పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించే ఉంచండి, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాలి.

6. పూర్తయ్యాక అప్‌డేట్ మేనేజర్, డ్రైవర్ మేనేజర్ ఒకసారి నడిపి, టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, తర్వాత ఏదైనా చెడితే ఈ స్థితికి వెనక్కి రావచ్చు.

ఇక భాషల సంగతి. గిడుగు రామమూర్తి గారు బళ్లో పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒడిశాలో కలిసింది. కచేరీ అర్జీ ఒడియాలో, ఆంధ్రా వైపు పాతపట్నంలోని చుట్టాలకు ఉత్తరం తెలుగులో రాస్తాడు చిన్నాన్న. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ తెరిచి, లేఅవుట్ పేజీలో సిస్టమ్ డీఫాల్ట్ మీట ఆపి, తెలుగు, ఒడియా చేర్చండి. ఒడియా అక్కడ ఒరియా అన్న పాత పేరుతో కనిపించవచ్చు. భాష మార్చే మీట ఏదో కూడా అక్కడే ఎంచుకోవాలి.

రెండూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతే, అంటే భారతీయ భాషలన్నిటికీ అక్షరాలను ఒకే తీరున మీటల మీద పెట్టిన అమరిక. కె నొక్కితే తెలుగులోనూ క, ఒడియాలోనూ క. సి నొక్కితే మ, డి నొక్కితే పొల్లు, షిఫ్ట్‌తో డి నొక్కితే అ. అంటే షిఫ్ట్ డి, సి, డి, సి కొడితే అమ్మ. ఒక లిపికి వేళ్లు అలవాటు పడితే రెండోది దాదాపు ఉచితంగా వచ్చేస్తుంది. మా సరిహద్దు వాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి! ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో ఐట్రాన్స్ పద్ధతి పెట్టుకోవచ్చు.

మింట్‌తో వచ్చే లిబ్రెఆఫీస్‌లో (ఉత్తరాలు, లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్) రెండు భాషల్లో చెరో వాక్యం రాసి, పీడీఎఫ్ చేసి ఫోన్‌కి పంపండి. అక్కడ ఒత్తులు సరిగా కనిపిస్తే మీ పని అయినట్టే.