గజేంద్రమోక్షం కొలాజ్‌లో ముడతలు ఇలా పోయాయి

పాత వారపత్రికల కాగితం ముక్కలు అట్టపై అతికించి గజేంద్రమోక్షం బొమ్మ (కొలాజ్) చేస్తుంటే, మడుగు కోసం అతికించిన నీలం ముక్కలు ఆరగానే ముడతలు పడేవి, అట్ట విల్లులా వంగేది. జిగురు తగ్గించినా, మార్చినా, ఇస్త్రీ చేసినా లాభం లేకపోయింది.

చివరికి ముక్క వెనకవైపు తడి స్పంజితో అద్ది, రెండు నిమిషాలు ఆగాను. చుట్టుకున్న అంచులు మళ్లీ మెత్తగా వాలాయి. కాగితం సాగాల్సినంతా అప్పుడే సాగిపోయిందన్నమాట. తర్వాత అట్టకు పల్చటి మైదా జిగురు రాసి, ముక్కను మధ్య నుంచి అంచులకు పొడి గుడ్డతో అదిమాను. వెంటనే అట్ట వెనక కూడా అలాంటి కాగితమే అతికించాను. వంపు పోయింది దీనివల్లే అనుకుంటున్నాను. పైనా కిందా బటర్ పేపర్ పెట్టి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచాను.

ఏనుగు తొండంలోని తామర రేకు అంచు కూడా లేవలేదు! ఇంక్‌జెట్ ప్రింట్లయితే తడికి రంగు కారిపోవచ్చు. మందపాటి కాగితంతో నేనింకా ప్రయత్నించలేదు.